ఆ గీత గురించి అతనికి ఎలా చెప్పమంటారు అక్కా?

ఈ వారం ఉత్తరం టెక్సాస్‌లో ప్లానో నుంచి వచ్చింది. పేరు వద్దన్నాడు, కంపెనీ పేరూ వద్దన్నాడు, రెండూ తీసేశా, ఎవరూ గుర్తుపట్టకుండా ఇంకో రెండు మూడు వివరాలు కూడా మార్చా. ఉత్తరం చాలా పెద్దది, ముఖ్యమైనవి నా మాటల్లో చెప్తాను.

రాసినతనికి 38 ఏళ్ళు. సొంతూరు ఖమ్మం దగ్గర, అమెరికా వచ్చి 11 ఏళ్ళయింది, ఇంకా హెచ్-1బి వర్క్ వీసా మీదే ఉన్నాడు, గ్రీన్ కార్డు కోసం కంపెనీ వేసే ఐ-140 అప్రూవ్ అయి నాలుగేళ్ళు, భార్య, ఇద్దరు పిల్లలు, ఇంటి లోను. ఒక కన్సల్టింగ్ కంపెనీలో డెలివరీ మేనేజరు, కింద తొమ్మిది మంది పనిచేస్తారు. వాళ్ళలో బ్లాక్ కుర్రాడు ఒక్కడే, 27 ఏళ్ళు, మెంఫిస్ నుంచి వచ్చాడు, డేటా ఇంజనీరు, "నా టీమ్‌లో ఏ పనైనా అప్పజెప్పి నేను హాయిగా నిద్రపోగలిగేది ఇతని విషయంలోనే" అని రాశాడు. ఆ కుర్రాడు వారం వారం బార్బర్ షాపుకి వెళ్తాడట. నుదుటి మీద స్కేలు పెట్టి గీసినట్టు తిన్నని గీత, కణతల దగ్గర మూల తిరిగినట్టు మలుపు, చెవుల పక్కకి వచ్చేసరికి జుట్టు సన్నబడుతూ సన్నబడుతూ చర్మంలో కలిసిపోతుంది, చిన్న గడ్డం, దానికి కూడా అంచు గీసి ఉంటుంది.

ఇంకో మూడు వారాల్లో క్లయింట్ దగ్గర పెద్ద రివ్యూ. డేటా మైగ్రేషన్ భాగం చెప్పాల్సింది ఆ కుర్రాడే, కట్టింది అతనే కాబట్టి. మొన్న ఒక కాల్ అయ్యాక డైరెక్టరు ఇతన్ని ఆగమని, "పిల్లాడు మంచోడే, కానీ ఆ హెయిర్‌లైన్ మరీ షార్ప్‌గా ఉంది, కొంచెం అర్బన్‌గా కనిపిస్తున్నాడు, క్లయింట్ వాళ్ళు పాతకాలం మనుషులు, రివ్యూ లోపల అది కాస్త తగ్గించుకోమని, కుదిరితే గడ్డం కూడా తీసేయమని నువ్వే మెల్లగా చెప్పు, నీ నోటి నుంచి అయితే బావుంటుంది" అన్నాడు. అక్కడితో ఆగలేదు, డిసెంబర్ అప్రైజల్లో "ప్రొఫెషనల్ ప్రెజెన్స్ మెరుగుపడాలి" అని ఒక లైను వెయ్యమని కూడా చెప్పాడు.

ఉత్తరంలో చివరి మాటలు ఉన్నవి ఉన్నట్టే ఇస్తున్నా: "అక్కా, అబద్ధం ఎందుకు, అతను చేరిన మొదటి రోజు నాకూ అలాగే అనిపించింది, వీడెవడో స్టైల్ రాజాలా ఉన్నాడే అనుకున్నా, తర్వాత పని చూశాక ఆ మాటే మర్చిపోయా. ఇప్పుడు డైరెక్టర్ అంటుంటే కరెక్టేనేమో అనిపిస్తోంది, మళ్ళీ కడుపులో ఏదోలా ఉంటోంది, ఎందుకంటే పోయిన క్వార్టర్ ఇదే క్లయింట్ ముందు మాట్లాడిన తెల్లబ్బాయికి రెండు పక్కలా గుండు, పైన ముడేసుకునేంత జుట్టు, ఒక్కరూ ఏమీ అనలేదు. అసలు ఆ గీత ప్రొఫెషనలా కాదా మీరే చెప్పండి. చెప్పాలంటే ఎలా చెప్పాలి? చెప్పకపోతే నా సంగతేంటి?"

తమ్ముడూ, నాకన్నా పదిహేనేళ్ళు చిన్నవాడివి, నువ్వు అనే అంటాను, ఏమీ అనుకోకు.

నీ ఉత్తరంలో నాకు బాగా నచ్చింది ఆ మొదటి రోజు సంగతి దాచకుండా రాయటం. అక్కడి నుంచే మొదలెడదాం, ఎందుకంటే డైరెక్టర్ మాట నీకు "కరెక్టేనేమో" అనిపించటానికి కారణం ఆయన లాజిక్ కాదు, మన పెంపకం. మన స్కూళ్ళలో తల మీద గీత కనిపిస్తే పీఈటీ సారు కత్తెర తీసేవాడు, ఇంటర్ హాస్టల్లో వార్డెన్ వరసగా నిలబెట్టి జుట్టు చెక్ చేసేవాడు, నూనె రాసి పక్కపాపిడి తీసి దువ్వుకున్నోడు బుద్ధిమంతుడు, కొంచెం స్టైలు చేయించుకున్నోడు పోకిరి. ఆ కొలబద్ద పట్టుకుని మనం ఇక్కడికొచ్చాం, వచ్చాక మన వీకెండ్ పార్టీల్లో ఈ మనుషుల గురించి ఏం మాటలు వాడతారో, ఏ పేరుతో పిలుస్తారో నీకూ తెలుసు నాకూ తెలుసు, పిల్లలు పక్కనే ఆడుకుంటున్నా ఆ మాట ఆగదు. అవన్నీ మన కళ్ళ మీద ఒక పొరలా ఉంటాయి. నీ మీద నిందేస్తున్నానని కాదు, నాకూ ఉండేది ఆ పొర, పోవటానికి నాకు ఒక శనివారం పట్టింది, అది చెప్తా.

మేముండేది అట్లాంటా పక్కన. మా అబ్బాయి ఆరో క్లాసులో ఉండగా వాడి ఫ్రెండ్ ఒకడు మా ఇంట్లో పడుకున్నాడు, వాళ్ళమ్మ నర్సు, వీకెండ్ డ్యూటీ. పొద్దున్నే ఆవిడ దగ్గర్నుంచి మెసేజ్, "వాడికి తొమ్మిదింటికి బార్బర్ దగ్గర అపాయింట్‌మెంట్ ఉంది, కాస్త తీసుకెళ్తావా, సోమవారం స్కూల్లో ఫోటోలు, అంచులు సరిగ్గా తీశాడో లేదో చూడు" అని. అంచులేంటో నాకర్థం కాలేదు, సరే అని డెకేటర్‌లో ఆ షాపుకి తీసుకెళ్ళా. తొమ్మిదన్నది పేరుకే, పదిన్నర దాటాక వచ్చింది వీడి వంతు, అప్పటిదాకా టీవీలో కాలేజీ ఫుట్‌బాల్, ముగ్గురు పెద్దాయనలు దాని మీద వాదన, ఒక తండ్రి ఒళ్ళో నిద్రపోతున్న చంటోడు. బార్బరు ముందు మెషీన్‌తో పక్కలు తగ్గించాడు, అక్కడిదాకా నాకు తెలిసిందే. తర్వాత ఇంకో చిన్న మెషీన్ తీశాడు, బ్లేడు ఇంగ్లీషు టీ అక్షరంలా ఉంటుంది, రెండు వేళ్ళతో నుదుటి చర్మం లాగి పట్టుకుని, పిల్లాణ్ణి ఊపిరి బిగబట్టమన్నట్టు కళ్ళతో సైగ చేసి, నుదురు మధ్య నుంచి ఎడమ మూలకి, మళ్ళీ మధ్య నుంచి కుడి మూలకి, అక్కడి నుంచి కణత మీదుగా కిందకి. ఆ తర్వాత జెల్ రాసి రేజర్‌తో అదే గీత వెంబడి ఇంకోసారి, చివర్లో ఆల్కహాల్ అద్దితే పిల్లాడు స్స్ అన్నాడు. ఆ శబ్దానికి నాకు మా నాన్న గుర్తొచ్చాడు. మా ఊరి సెలూన్లో సగం బ్లేడు విరిచి కత్తికి పెట్టి, మెడ వెనక, చెవుల చుట్టూ గీత తీసి, పటిక రాయి రుద్దితే మా నాన్న అచ్చం అలాగే స్స్ అనేవాడు, ఆ రోజు ఇంట్లో ఏదో శుభకార్యం ఉందని అర్థం.

అద్దం చూపిస్తే ఆ పిల్లాడు నుదుటి మూలని ఒక్క వేలితో తాకి చూసుకున్నాడు, నవ్వాడు, వాళ్ళమ్మకి ఫోటో పంపమన్నాడు. ఆవిడ డ్యూటీలో ఉండి కూడా నిమిషంలో జవాబిచ్చింది, "ఇప్పుడు మనిషిలా ఉన్నాడు" అని.

నీ మొదటి ప్రశ్నకి జవాబు ఆ మెసేజ్‌లో ఉంది తమ్ముడూ. ఆ గీతని లైనప్ అంటారు, ఎడ్జప్ అంటారు, షేపప్ అని కూడా అంటారు, ఊరిని బట్టి మాట మారుతుంది. అది స్టైలు కన్నా ముందు శుభ్రత. బాగా రింగులు తిరిగిన జుట్టుకి అంచు దగ్గర పెరుగుదల వారం పది రోజుల్లోనే కనిపించేస్తుంది, గీత చెరిగిపోయి నూగులా వస్తుంది, అలా వదిలేస్తే వాళ్ళల్లో "ఏమైంది, ఒంట్లో బాలేదా, డబ్బుల్లేవా" అని అడుగుతారు, మనం మాసిన గడ్డంతో పెళ్ళికెళ్తే అడిగినట్టు. అందుకే వారం వారం వెళ్ళటం. ఆ కుర్రాడు ఇంటర్వ్యూకి ముందు వెళ్తాడు, చర్చికి ముందు వెళ్తాడు, అమ్మమ్మ చనిపోతే అంత్యక్రియలకి ముందు వెళ్తాడు, నీ క్లయింట్ రివ్యూకి ముందు రోజు కూడా కచ్చితంగా వెళ్తాడు. అంటే ఆ రోజు అతని గీత ఎప్పటికన్నా పదునుగా ఉంటుంది, ఎందుకంటే నీ రివ్యూకి అతను ఇస్తున్న గౌరవం అది. దాన్ని తగ్గించుకోమనటం అంటే, ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చినవాణ్ణి నలిపి వేసుకోమనటమే.

ఇంకో సంగతి కూడా డైరెక్టర్‌కి తెలీదు, బహుశా నీకూ తెలీదు. రేజర్ పెట్టిన గీతని "కాస్త తగ్గించటం" అని ఒకటి ఉండదు. అది పెరగాల్సిందే, జుట్టు నెలకి అరంగుళం పెరుగుతుంది, మధ్యలో రెండు వారాలు అంచంతా నూగునూగుగా ఉంటుంది. అంటే సరిగ్గా రివ్యూ రోజుకి ఆ కుర్రాడు తన జీవితంలో ఎప్పుడూ లేనంత అశ్రద్ధగా కనిపిస్తాడు, అద్దంలో తనకి తనే అలా కనిపిస్తూ వెళ్ళి అంతమంది ముందు మాట్లాడాలి.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పాలి. ఈ గీత ఆఫీసుకి ఎంత పదునుగా ఉండాలి అనే దాని మీద బ్లాక్ మగవాళ్ళలోనే రకరకాల అభిప్రాయాలున్నాయి. నుదుటి సహజమైన అంచు వెంబడే గీసేది ఒకటి, గీత బాగా రావాలని అంచుని వెనక్కి నెట్టేసేది ఇంకోటి, దాన్ని వాళ్ళే తప్పు పడతారు, ఆ బార్బర్ దగ్గరికి మళ్ళీ వెళ్ళరు. రంగు స్ప్రే కొట్టి గీత మరీ నల్లగా చేసేది ఒకటుంది, ఎండకి చెమట పడితే తెలిసిపోతుంది, దాన్ని ఆఫీసుకి వద్దనేవాళ్ళు చాలామందే. నా పాత ఆఫీసులో ఫైనాన్స్‌లో పనిచేసిన ఒక పెద్దాయన ఉండేవాడు, ఇరవై ఏళ్ళు మెత్తటి అంచే ఉంచుకున్నానని, పెద్ద పొజిషన్ వచ్చాకే తనకి నచ్చినట్టు గీయించుకున్నానని నాతో అన్నాడు, చెప్తున్నప్పుడు ఆయన మొహంలో సంతోషం లేదు, ఆ ఇరవై ఏళ్ళు ఎవరో తిరిగిస్తారా అన్నట్టుంది. వాళ్ళ ఇళ్ళల్లో తండ్రులు కొడుకులకి, అత్తలు మేనల్లుళ్ళకి ఈ మాటలు చెప్తారు, "మొదటి ఉద్యోగం, కాస్త చూసుకో" అని. ఆ లెక్క వేసుకునే హక్కు ఆ కుర్రాడిది, ఆ సలహా ఇచ్చే చనువు అతని పెద్దవాళ్ళది. జీతం, రేటింగ్, ప్రాజెక్టు చేతిలో పెట్టుకున్న మేనేజర్ చెప్తే అది సలహా అవదు తమ్ముడూ, ఆర్డరు అవుతుంది, నువ్వు ఎంత మెత్తగా చెప్పినా సరే.

"నీ నోటి నుంచి అయితే బావుంటుంది" అన్నాడు చూడు, నాకు కోపమొచ్చింది అక్కడే. ఎందుకు బావుంటుంది? నువ్వు కూడా తెల్లవాడివి కాదు కాబట్టి, రేపు ఏదైనా అయితే "చెప్పింది ఇండియన్ మేనేజర్ కదా" అనొచ్చు కాబట్టి. ఆయన మనసులో అంత లెక్క ఉందో లేదో నాకనవసరం, కానీ జరిగేది మాత్రం అదే, మాట ఆయనది, రికార్డు నీది.

మా అట్లాంటాలో అలాంజో హెర్న్‌డన్ అని ఒకాయన ఉండేవాడు, 1858లో బానిసగా పుట్టాడు, మంగలి పని నేర్చుకుని పీచ్‌ట్రీ వీధిలో ఊళ్ళోకెల్లా గొప్ప బార్బర్ షాపు పెట్టాడు, ఆ డబ్బుతోనే 1905లో అట్లాంటా లైఫ్ అనే ఇన్సూరెన్స్ కంపెనీ మొదలెట్టాడు. ఆ షాపు కుర్చీల్లో కూర్చుని గడ్డం గీయించుకున్నవాళ్ళు తెల్ల లాయర్లు, జడ్జీలు, వ్యాపారస్తులు. గీసింది నల్లచేతులు. అదే షాపులో నల్లవాడు కస్టమర్‌గా కూర్చోటానికి మాత్రం లేదు. ఆయన ఇంటిని ఇప్పుడు మ్యూజియంగా ఉంచారు, మా పిల్లల్ని తీసుకెళ్ళా ఒకసారి. నూరేళ్ళ కింద కోర్టుకెళ్ళే మొహాలకి పద్ధతి తెచ్చిన పనితనం ఇదే, ఇప్పుడు అది సొంత తల మీద కనిపిస్తే పద్ధతి కాదంటున్నారు.

సరే, చట్టం సంగతికొద్దాం, ఇక్కడ నిన్ను ఊరికే ధైర్యపెట్టి పంపించను, ఉన్నదున్నట్టు చెప్తా. క్రౌన్ యాక్ట్ పేరు వినే ఉంటావు, 2019లో కాలిఫోర్నియాలో మొదలైంది, జుట్టు తీరు వంకతో జాతి వివక్ష చూపించకూడదని. మీ టెక్సాస్‌లో 2023 సెప్టెంబర్ 1 నుంచి అమల్లో ఉంది, ఉద్యోగాలకి, స్కూళ్ళకి, అద్దె ఇళ్ళకి వర్తిస్తుంది. దేశం మొత్తానికి చేద్దామని 2022 మార్చిలో ప్రతినిధుల సభ పాస్ చేసింది, సెనేట్‌లో ఆగిపోయింది. అయితే టెక్సాస్ చట్టంలో పేరుపెట్టి రాసింది జడలు, లాక్స్ అంటే జటల్లా పేనుకున్న జుట్టు, ట్విస్టులు అంటే మెలితిప్పిన పాయలు. లైనప్ అనే మాట అందులో లేదు. పేరు ఉన్నవాటికే దిక్కులేకుండా పోయిన సందర్భం ఉంది, హ్యూస్టన్ దగ్గర ఒక హైస్కూలు పిల్లాణ్ణి లాక్స్ పొడవు ఎక్కువైందని నెలల తరబడి క్లాసులోకి రానివ్వలేదు, 2024 ఫిబ్రవరిలో జడ్జి స్కూలు పక్షమే చెప్పాడు, చట్టంలో పొడవు గురించి లేదు కదా అని. అంతకుముందు 2016లో అలబామా కేసులో ఫెడరల్ అప్పీల్ కోర్టు ఏమందంటే జుట్టు తీరు మార్చుకోగలిగేది, కాబట్టి అది జాతి కిందికి రాదు అంది, ఉద్యోగమిచ్చి లాక్స్ తీసేస్తేనే చేరమన్న కంపెనీయే గెలిచింది. కాబట్టి "గీత తగ్గించుకో" అన్న ఒక్క మాట మీద కేసు నిలబడుతుందని నేననను.

కానీ మీ దగ్గర జరిగింది ఆ ఒక్క మాటే కాదు కదా. "అర్బన్" అన్నాడు, ఈ దేశంలో ఆ మాట నల్లవాళ్ళని ఉద్దేశించే వాడతారని అందరికీ తెలుసు. పక్కలు గుండు కొట్టించుకున్న తెల్లబ్బాయిని అదే క్లయింట్ ముందుకి ఏమీ అనకుండా పంపారు. ఒకే క్లయింటు, ఒకే పని, ఒకరికో రూలు ఇంకొకరికో రూలు, 1964 నాటి సివిల్ రైట్స్ యాక్ట్‌లో ఉద్యోగాల్లో వివక్ష వద్దనే భాగం, టైటిల్ సెవెన్, పట్టుకునేది సరిగ్గా దీన్నే. గడ్డం సంగతి ఇంకా తేడా. రింగుల జుట్టు నున్నగా గీస్తే ఆ వెంట్రుక మళ్ళీ చర్మంలోకే తిరిగి గుచ్చుకుని కురుపుల్లా లేస్తుంది, బ్లాక్ మగవాళ్ళలో ఇది చాలా ఎక్కువ, డాక్టర్లే గీయొద్దంటారు. 1993లో ఒక పిజ్జా డెలివరీ కేసులో ఫెడరల్ అప్పీల్ కోర్టు, ఈ చర్మ సమస్య ఉన్న నల్లజాతి ఉద్యోగులకి గడ్డం మినహాయింపు ఇవ్వాల్సిందేనని తేల్చింది. మీ డైరెక్టర్ "కుదిరితే గడ్డం కూడా" అని ఎంత తేలిగ్గా అనేశాడో చూడు.

ఇప్పుడు నీ ముందు ఏమేం దారులున్నాయి, ఏది పట్టుకుంటే ఏమవుతుంది.

ఆయన చెప్పినట్టే చేసి ఆ కుర్రాడితో మెల్లగా చెప్పేశావనుకో. డైరెక్టర్‌తో నీకు ఇవాళ్టికి గొడవ ఉండదు. కుర్రాడు బహుశా నీ మొహం మీద ఏమీ అనడు, "సరే, థ్యాంక్స్" అంటాడు, ఇలాంటి మాటలు అతనికి కొత్తేం కాదు. కానీ ఆ సాయంత్రమే రెజ్యూమే బయటికి తీస్తాడు. నువ్వు నిద్రపోకుండా చూసుకోవాల్సిన పనుల లిస్టు ఆ రోజు నుంచి పెరుగుతుంది. కేసు దాకా వెళ్తే ఆ మాట అన్నది నువ్వే, డైరెక్టర్ చెప్పమన్నాడనటానికి నీ దగ్గర కాయితం ముక్క లేదు.

ఏమీ చెప్పకుండా, చెప్పానని డైరెక్టర్‌కి అబద్ధం చెప్పి నెట్టుకొద్దామనుకుంటావేమో, మనలో చాలామంది చేసేది ఇదే. రివ్యూ ముందు రోజు కుర్రాడు తాజా గీతతో వస్తాడు, డైరెక్టర్ చూస్తాడు, "చెప్పినా వినలేదు" అని అతని మీద ఇంకో ముద్ర పడుతుంది. తన చెవినే పడని మాటకి తను శిక్ష అనుభవించటం, అన్నిటికన్నా ఘోరం ఇదే నా దృష్టిలో. ఈ దారిలో మాత్రం వెళ్ళకు.

మూడోది, డైరెక్టర్ దగ్గరికే తిరిగి వెళ్ళటం. గొడవకి కాదు, పనికి. ఇలా అడుగు: "మన డ్రెస్ కోడ్‌లో జుట్టు గురించి ఏముందో చూశా, ఇతను దేన్నీ దాటట్లేదు. పోయినసారి ప్రెజెంట్ చేసిన అబ్బాయికి మనం ఏమీ చెప్పలేదు, ఇతనికి ఒక్కడికే చెప్తే ఇద్దరం ఇబ్బందిలో పడతాం. లైనప్ వాళ్ళల్లో నీట్‌గా తయారవటం కిందే లెక్క. క్లయింట్ నుంచి ఏదైనా కంప్లయింట్ వచ్చిందా, వస్తే నాకు మెయిల్‌లో పెట్టండి, హెచ్ఆర్‌తో కలిసి చూద్దాం." ఆ చివరి వాక్యం చాలా ముఖ్యం. మెయిల్ అనేసరికి పదిమందిలో ఆరేడుగురు వెనక్కి తగ్గుతారు, "అబ్బే, ఏదో ఊరికే అన్నా" అంటారు, నేను హెచ్ఆర్‌లో ఉన్నన్నాళ్ళూ చూసింది అదే. అక్కడితో అయిపోతే నీకు అంతకన్నా ఏం కావాలి. అదే రోజు నువ్వు ఒక చిన్న మెయిల్ పెట్టు, "మనం మాట్లాడుకున్నట్టు హెయిర్ గురించి నేను అతనితో ఏమీ మాట్లాడటం లేదు, రివ్యూలో డేటా భాగం అతనే ప్రెజెంట్ చేస్తాడు" అని, రెండే ముక్కలు, తేదీతో ఉంటుంది.

తగ్గకపోతే, లేదా కుర్రాణ్ణి రివ్యూ నుంచి తీసేయమంటే, హెచ్ఆర్ దగ్గరికెళ్ళటం తప్ప వేరే దారి లేదు. చాలా కంపెనీల్లో ఇలాంటి మాట చెవిన పడ్డ మేనేజర్ రిపోర్ట్ చేసి తీరాలని పాలసీలోనే ఉంటుంది, మీది తీసి చదువు, ఊరుకుంటే అదీ నీ తప్పే అవుతుంది. హెచ్ఆర్ కంపెనీ మనిషే, నీ మనిషీ కాదు, ఆ కుర్రాడి మనిషీ కాదు, ఆ కుర్చీలో కూర్చున్నదాన్ని కాబట్టి చెప్తున్నా. కానీ రాతపూర్వకంగా వెళ్తే వాళ్ళు దాన్ని పక్కన పడేయలేరు.

నీ భయం నాకు తెలుసు, వీసా. ఆ భయాన్ని తక్కువ చెయ్యను, మా ఆయన కూడా తొమ్మిదేళ్ళు ఆ గ్రీన్ కార్డు క్యూలోనే ఉన్నాడు. వివక్ష మీద అభ్యంతరం చెప్పినందుకు నీ మీద కక్ష తీర్చుకోకూడదని అదే టైటిల్ సెవెన్‌లో ఉంది, హెచ్-1బి మీద ఉన్నవాళ్ళకి కూడా వర్తిస్తుంది. చట్టం ఉన్నంత మాత్రాన కక్ష ఉండదని కాదు, ప్రాజెక్టు మార్చొచ్చు, రేటింగ్ తగ్గొచ్చు. ఉద్యోగమే పోతే ఇంకోటి చూసుకోటానికి నీకుండేది 60 రోజులు. అయితే నీ ఐ-140 అప్రూవ్ అయి నాలుగేళ్ళయిందన్నావు, 180 రోజులు దాటాక కంపెనీ దాన్ని వెనక్కి తీసుకున్నా ప్రయారిటీ డేట్, అంటే ఆ క్యూలో నీ చోటు, పోదు, దాని మీద ఇంకో కంపెనీలో హెచ్-1బి ఎక్స్‌టెన్షన్ కూడా వస్తుంది. నువ్వు ఊహించుకుంటున్నంత ఒంటరిగా, ఒక్క దారం మీద వేలాడుతూ లేవు. హెచ్ఆర్ దాకా వెళ్ళేముందు ఎంప్లాయ్‌మెంట్ లాయర్ దగ్గర ఒక గంట కూర్చో, కంపెనీ లాయర్ కాదు, నీ సొంత లాయర్, ఆ గంటకి పెట్టే డబ్బు గురించి ఆలోచించకు.

అప్రైజల్ లైను సంగతి మాత్రం నేను దారులు చూపించను, రాయకు. నోటి మాట గాల్లో పోతుంది, రాసిన లైను అతని ఫైల్లో ఉంటుంది, రెండేళ్ళ తర్వాత ప్రమోషన్ అప్పుడు ఎవడో అది తీసి చదువుతాడు, "ప్రెజెన్స్ మెరుగుపడాలి" అంటే మాట్లాడటం రాదేమో, కలవడేమో అనుకుంటాడు, నుదుటి మీద గీత అని ఎవడికీ తట్టదు. నువ్వు చూసింది రాయి, మైగ్రేషన్ ఎలా కట్టాడో, ఏ రాత్రి ఏది ఆగిపోతే ఎలా నిలబెట్టాడో. డైరెక్టర్ తన లైను తనే కలుపుకుంటే అది ఆయన పేరు మీద ఉంటుంది.

ఆ కుర్రాడికి ఇదంతా చెప్పాలా అని నువ్వు అడగలేదు, నేనే రెండు రోజులు ఆలోచించా. డైరెక్టర్ వెనక్కి తగ్గితే ఇప్పుడే చెప్పొద్దు, రివ్యూకి మూడు వారాల ముందు ఆ బరువు అతని నెత్తిన పెట్టటం న్యాయం కాదు, నీ మనసు తేలికవుతుందని అతనికి చెప్పటం అసలు న్యాయం కాదు. కానీ అతన్ని రివ్యూ నుంచి తీసినా, అప్రైజల్లో ఆ మాట దూరినా దాచకు, అది అతని ఉద్యోగం, తెలుసుకునే హక్కు ఉంది, పైగా ఫిర్యాదు చెయ్యటానికి గడువులు రోజుల లెక్కన ఉంటాయి. అప్పుడు కూడా "నేను నీ కోసం ఇంత చేశా" అని మొదలెట్టకు, ఎవరు ఏ రోజు ఏమన్నారో చెప్పి, ఏం చెయ్యాలనుకుంటున్నావని అడిగి, తర్వాత అతను మాట్లాడేదాకా ఊరుకో.

రేపు సోమవారమే డైరెక్టర్‌తో ఒక పదిహేను నిమిషాలు పెట్టించుకో, వారం ఆగితే ఆయన నువ్వు చెప్పేశావనే అనుకుంటాడు. వెళ్ళేముందు డ్రెస్ కోడ్ పేజీ ప్రింట్ తీసి చేతిలో పెట్టుకో. ఇక రివ్యూ రోజు పొద్దున ఆ కుర్రాడు ఎలాగూ తాజాగా గీయించుకునే వస్తాడు, అప్పుడు నీ చూపు అతని నుదుటి మీద ఆగితే అతనికి ఇట్టే తెలిసిపోతుంది. స్లైడ్లు తెరిచి పెట్టుకుని ఉండు, రాగానే రోల్‌బ్యాక్ గురించి, అంటే ఏదైనా తేడా వస్తే పాత సిస్టమ్‌కి వెనక్కెళ్ళటం గురించి, క్లయింట్ అడిగే ప్రశ్నలు ఇద్దరూ కలిసి ఒకసారి చూసుకోండి.